కంబైనర్ రోబో ఊగకుండా నిలబడాలంటే: పెగ్గులు, పోర్టులు, జాయింట్ల సంగతి

ఐదు రోబోలు కలిసి ఒక పెద్ద రోబో అవుతుందని డబ్బా మీద బొమ్మ చూసి కొంటాం. ఇంటికొచ్చి కలిపాక అది ఒక చెయ్యి వేలాడేసుకుని, మోకాళ్ళ దగ్గర వంగిపోయి, ఫ్యాన్ గాలికి కూడా పడిపోయేలా నిలబడుతుంది. "క్వాలిటీ బాలేదు" అని అటక మీదకి ఎక్కించేస్తారు చాలామంది. క్వాలిటీ బాగోని బొమ్మలు లేవని కాదు, ఉన్నాయి. కానీ ఎక్కువసార్లు అసలు గొడవ ఎక్కడుంటుందంటే, కలపడానికి ముందు ఒక్కో చిన్న రోబోని దాని చెయ్యి రూపంలోకో కాలు రూపంలోకో పూర్తిగా బిగించకుండానే నేరుగా మొండేనికి తగిలించేస్తారు, అక్కడ.

ఇక్కడ చెప్పేదంతా ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మల్ని (బండి నుంచి రోబోగా మారేవి) దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను, ఎందుకంటే ఈ కలిపే పద్ధతులు అక్కడ చాలా రకాలుగా వచ్చాయి. వేరే కంపెనీ రోబోలకు కూడా చాలావరకు పనికొస్తుంది.

ముందు మీ దగ్గరున్నది ఏ రకమో తెలుసుకోండి

అన్నీ ఒకేలా కలవవు. 1985లో వచ్చిన మొదటి డెవాస్టేటర్‌ని తీసుకోండి. ఆరు కన్‌స్ట్రక్షన్ బళ్ళు. స్క్రాపర్ కుడి కాలు, మిక్స్‌మాస్టర్ ఎడమ కాలు, లాంగ్ హాల్ నడుము భాగం, హుక్ ఛాతీ భాగం, స్కావెంజర్ కుడి చెయ్యి, బోన్‌క్రషర్ ఎడమ చెయ్యి. ఎవరి చోటు వాళ్ళదే, మార్చడానికి లేదు. ఆ అచ్చులు కూడా అంతకుముందు జపాన్‌లో టకారా వాళ్ళు డయాక్లోన్ పేరుతో అమ్మినవే, ట్రాన్స్‌ఫార్మర్స్ అమ్మే అమెరికా కంపెనీ హాస్‌బ్రో వాటిని తీసుకుని పేర్లు మార్చింది.

ఆ తర్వాత 1986లో సుపీరియన్, మెనాసర్, డిఫెన్సర్, బ్రూటికస్ వచ్చాయి. వీటి పద్ధతిని అభిమానులు ఇప్పటికీ స్క్రాంబుల్ సిటీ అనే పిలుస్తారు. ఒక పెద్ద రోబో మొండెం అవుతుంది, నాలుగు చిన్నవాటిలో ఏదైనా చెయ్యి కావచ్చు, ఏదైనా కాలు కావచ్చు. ఒక టీమ్‌లోని కారు తీసుకెళ్ళి ఇంకో టీమ్‌కి కాలుగా పెట్టినా కలుస్తుంది. 2015లో వచ్చిన కంబైనర్ వార్స్ అనే సిరీస్ కూడా ఇదే ఆలోచన, కాకపోతే జాయింట్లు చాలా మెరుగు. వాయేజర్ అనే పెద్ద సైజు రోబో ఒకటి మొండెం, డీలక్స్ అనే దానికన్నా చిన్న సైజువి నాలుగు చేతులూ కాళ్ళూ. 2018 పవర్ ఆఫ్ ది ప్రైమ్స్ బొమ్మల కనెక్టర్లు కూడా వీటితో చాలావరకు కలుస్తాయి, కాబట్టి రెండు లైన్లూ ఒక కుప్ప కింద లెక్కేసుకోవచ్చు. అదే 2015లో వచ్చిన కొత్త డెవాస్టేటర్ మాత్రం ఈ కుప్పలోకి రాదు. 18 అంగుళాల ఎత్తు, దాని కనెక్టర్లు దానివే. డబ్బా మీద కంబైనర్ వార్స్ అని ఉంది కదా అని మిగతావాటితో కలపాలని చూడకండి, పెగ్ (రంధ్రంలోకి దిగే బొడిపె) విరుగుతుంది.

ఇవి కాక ఇంకో రకం ఉంది, ఒక రోబో ఇంకోదానికి అవయవం కాకుండా ఆయుధంగానో కవచంగానో తగులుకోవడం. 2002 అర్మాడా సిరీస్‌లో మినీ-కాన్ అని బుల్లి రోబోలుండేవి, వాటిని పెద్ద బొమ్మ మీదున్న పెగ్‌కి గుచ్చితే దాచిపెట్టిన మిస్సైలో ఇంకోటో బయటికి వచ్చేది. 2004 ఎనర్జాన్‌లో రెండు ఆటోబాట్‌లు (మంచి పక్షం రోబోలు) ఒకటి పైభాగం, ఒకటి కింది భాగం అయ్యేవి. 2016 టైటన్స్ రిటర్న్‌లో బుల్లి రోబో ముడుచుకుని పెద్ద రోబోకి తల అయిపోతుంది. 2019 సీజ్ సిరీస్ నుంచి అసలు ఒంటి నిండా గుండ్రటి పోర్టులే, అంటే పెగ్ గుచ్చే రంధ్రాలే.

5 మి.మీ. అన్నది గుర్తుపెట్టుకోండి

ఇప్పటి బొమ్మల్లో పిడికిలి రంధ్రం, భుజం మీద, వీపు మీద, పాదం కింద ఉండే గుండ్రటి రంధ్రాలు దాదాపు అన్నీ 5 మి.మీ. వ్యాసం. ఆయుధాల పిడి కూడా అంతే. అందుకే సీజ్‌లో వచ్చిన కాగ్, సిక్స్‌గన్, బ్రంట్ లాంటి వెపనైజర్లను (ఆయుధాలుగా విడిపోయే రోబోలను) ముక్కలు ముక్కలుగా విడదీసి వేరే రోబో చేతులకీ కాళ్ళకీ తొడగొచ్చు. 2021 కింగ్‌డమ్‌లో వచ్చిన ఎముకల డైనోసార్ పేలియోట్రెక్స్ కూడా అలా విడిపోయేదే, దాని పుర్రెని తీసి ఇంకో రోబో చేతికి పెడితే చూడ్డానికి భలే ఉంటుంది. పేల్చినప్పుడు వచ్చే మంట, పొగ లాంటి ఎఫెక్ట్ ముక్కలు మాత్రం వేరు, వాటికి తుపాకి మూతి దగ్గర 3 మి.మీ. చిన్న బొడిపెలు ఉంటాయి, వాటి మీద పైనుంచి తొడగాలి.

పెగ్ 5 మి.మీ. అని రాసినంత మాత్రాన అన్నీ ఒకేలా పట్టవు. పెయింట్ వేసిన పెగ్ కాస్త లావవుతుంది. నకిలీ బొమ్మల్లో కొంచెం అటూ ఇటూ ఉంటుంది, ఒకటి వదులు, ఒకటి దిగనే దిగదు. రకరకాల బొమ్మలు కలిపి ఆడేవాళ్ళయితే మందం కొలిచే ఒక ప్లాస్టిక్ డిజిటల్ వెర్నియర్ కొనుక్కోండి, పెద్ద ఖరీదేం కాదు, గుచ్చి చూసి విరగ్గొట్టుకునే కంటే కొలిచి గుచ్చడం నయం. పెయింట్ వల్ల బిగుతుగా ఉంటే పెగ్ మీద పెయింట్‌ని గోరుతోనో, సన్నటి సాండ్‌పేపర్ ఒక్కసారి తిప్పో తీసేస్తే చాలు. రంధ్రాన్ని పెద్దది చెయ్యకండి. పెగ్ పాడైతే ఒక తుపాకీ పోతుంది, పోర్ట్ పాడైతే రోబో చెయ్యే పోతుంది.

గాజులా కనబడే పారదర్శక ప్లాస్టిక్ పెగ్గుల్ని మాత్రం ప్రత్యేకంగా చూసుకోవాలి. అది మామూలు ప్లాస్టిక్‌లా సాగదు, టక్కున విరిగిపోతుంది, అదీ పోర్ట్ లోపలే విరుగుతుంది. బిగుతుగా అనిపిస్తే ఆపేయండి, అంతే.

ఇక కలపడం

బల్ల మీద కాదు, మంచం మీదో, కింద దుప్పటి పరిచో కూర్చోండి. స్ప్రింగ్ ఉన్న ముక్కో, చిన్న తుపాకో ఎగిరి సోఫా కిందకి పోతే ఆ రోజంతా వెతకాలి.

మొదట నాలుగు అవయవాలు. ఒక్కోదాన్ని తీసుకుని చెయ్యి లేదా కాలు రూపంలోకి మార్చండి. ఇక్కడే తొందరపడకూడదు. కారు తలుపులు, బానెట్, రెక్కలు, ఇలా ప్రతి పలకకీ ఎక్కడో ఒక చిన్న ట్యాబ్, దానికి ఎదురుగా ఒక గాడి ఉంటాయి. అది "టిక్" మని కూర్చునేదాకా నొక్కాలి. కూర్చుందో లేదో అనుమానంగా ఉంటే చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపండి. లొటలొట శబ్దం వస్తే ఏదో పలక వదిలేశారు. విమానం కాలుగా మారేటప్పుడు రోబో చేతులు పక్కల్లో సరిగ్గా ఇమడకపోవడం, కారు కాలుగా మారేటప్పుడు రోబో కాళ్ళ మధ్య ట్యాబ్ కూర్చోకపోవడం, ఈ రెండూ ఎక్కువగా జరుగుతుంటాయి. ఈ ఒక్క మెట్టు బాగా చేస్తే ఊగడం సగం తగ్గుతుంది, ఎందుకంటే పెద్ద రోబో బరువంతా ఈ చిన్న పలకల మీదుగానే నేలకి దిగుతుంది. పైన భుజం దగ్గర ఎంత గట్టిగా బిగించినా, కింద కాలు లోపల ఒక ట్యాబ్ ఊడి ఉంటే మొత్తం వంగుతుంది.

పాదం, పిడికిలి ముక్కల విషయం. కంబైనర్ వార్స్‌లో ప్రతి డీలక్స్ బొమ్మతో ఒక ముక్క ఇస్తారు, అదే చెయ్యి, అదే పాదం, రోబో విడిగా ఉన్నప్పుడు అదే తుపాకి. పవర్ ఆఫ్ ది ప్రైమ్స్‌లో అదే ముక్క రోబో ఛాతీ మీద కవచంగా కూడా తగులుతుంది. వీటిని ఎవరివి వాళ్ళకే పెట్టాలని రూలేం లేదు. ఏ ముక్క అయితే ఆ కాలికి గట్టిగా పడుతుందో దాన్ని పాదం చెయ్యండి, కాస్త వదులుగా ఉన్నదాన్ని చెయ్యి చేసెయ్యండి. చెయ్యి ఊగితే బొమ్మ పడదు, పాదం ఊగితే పడుతుంది. రంగులు కలవకపోతే కలవకపోనివ్వండి, అది మీ ఇష్టం, నాకైతే నిలబడటమే ముఖ్యం.

ఏది కాలు, ఏది చెయ్యి అన్నదానికి కూడా ఇదే లెక్క. పొట్టిగా, బరువుగా, తక్కువ మడతలతో ముద్దగా ఉండేవి కాళ్ళకి. సన్నగా, తేలిగ్గా ఉండే హెలికాప్టర్లు, బైకులు చేతులకి. డబ్బా మీద వేరేలా చూపించినా పట్టించుకోనక్కర్లేదు. అసలు కంపెనీయే ఈ స్వేచ్ఛని బాగా వాడుకుంది. 2015లో మొదట వచ్చిన సుపీరియన్ టీమ్‌లో పాత స్లింగ్‌షాట్ బదులు ఆల్ఫా బ్రేవో అనే హెలికాప్టర్‌ని ఇచ్చారు. డిఫెన్సర్‌లో గ్రూవ్ బదులు రూక్ అనే బండిని పెట్టి, గ్రూవ్‌ని చిన్న లెజెండ్స్ సైజు బైక్‌గా చేసి డిఫెన్సర్ ఛాతీకి తగిలించే ముక్క చేశారు. పాత కాలం అభిమానులకి ఒళ్ళు మండింది, కానీ కలపడంలో ఏ తేడా రాలేదు.

తర్వాత మొండెం. వాయేజర్ రోబోని మొండెంగా మార్చినప్పుడు దాని తొంటి జాయింట్లు పూర్తిగా లాక్ అయ్యాయో లేదో చూడండి, రాచెట్ (మెట్టు మెట్టుగా ఆగే పళ్ళ జాయింట్) ఉంటే కటకటమని రెండు మూడు మెట్లు తిరిగి ఆగుతుంది. పెద్ద తలని ఇప్పుడే బయటికి లాగొద్దు, కాళ్ళు పెట్టేటప్పుడు బొమ్మని తలకిందులుగా పట్టుకోవాల్సి వస్తుంది, అప్పుడు తల మీద బరువు పడి మెడ వదులవుతుంది.

కాళ్ళు పెట్టేటప్పుడు కనెక్టర్‌ని తిన్నగా నెట్టాలి, ఏటవాలుగా పెట్టి తిప్పుతూ దించకూడదు. ఏటవాలుగా నెడితే ఒక మూల ముందు దిగి, రెండో మూల ఒరుసుకుని ప్లాస్టిక్ మీద తెల్లటి గీత వస్తుంది. ఆ తెల్ల గీత కనబడిందంటే అక్కడ ప్లాస్టిక్ సాగిందని అర్థం, మళ్ళీ అదే చోట బలం పెడితే చీలుతుంది. రెండు కాళ్ళూ పెట్టాక చేతులు పెట్టకుండానే ఒకసారి నిలబెట్టి చూడండి. ఇది చాలామంది చెయ్యరు. చేతులు లేకుండానే నిలబడకపోతే చేతులు పెట్టాక అసలు నిలబడదు, పైగా అప్పుడు తప్పు ఎక్కడుందో పట్టుకోవడం కష్టం. వెనక్కి పడుతోందంటే వీపు మీద రెక్కలో బండి ముక్కో బరువెక్కువైందన్నమాట, తొంటి దగ్గర ఒక మెట్టు ముందుకి వంచండి, లేదా మడమని వెనక్కి తెరవండి. కాళ్ళు మరీ దగ్గరగా పెట్టకండి, భుజాలంత వెడల్పు ఉండాలి.

ఇప్పుడు చేతులు. భుజాన్ని వెనక నుంచి ఒక అరచేత్తో ఆపి, రెండో చేత్తో నెట్టండి, లేకపోతే ఆ తోపు అంతా తొంటి జాయింట్ మీద పడుతుంది. తర్వాత తల పైకి లాగండి. ఛాతీ కవచం ఉంటే పెట్టండి. ఆయుధాలు చివర. అన్ని తుపాకులూ కుడి చేతికే పెట్టేస్తే భుజం రాచెట్ ఎంత గట్టిదైనా కొన్ని రోజుల్లో కిందకి జారుతుంది. బరువైన దాన్ని వీపు పోర్ట్‌కి తగిలించి, తేలికైన దాన్ని చేతికి ఇవ్వండి.

విడదీసేటప్పుడు ఇదే వరస తిరగేసి చెయ్యాలి. ముందు ఆయుధాలు. చెయ్యి తీసేటప్పుడు పిడికిలి పట్టుకుని లాగడం అందరికీ అలవాటే, అది మానుకోండి. దూరం నుంచి లాగితే బలం చాలా రెట్లై భుజం మొదట్లో పడుతుంది. భుజానికి ఆనుకుని ఉన్న భాగాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, సన్నగా అటూ ఇటూ కదుపుతూ తిన్నగా లాగాలి.

వదులైపోతే, బిగుసుకుపోతే

బాల్ జాయింట్ వదులైతే మన ఇంట్లో ఉండే తెల్ల ఫెవికాల్ చాలు. బంతి భాగాన్ని బయటికి లాగి, అగ్గిపుల్లతో పలచగా ఒక పూత రాసి, రాత్రంతా ఆరనిచ్చి, పూర్తిగా పారదర్శకంగా అయ్యాక లోపలికి పెట్టండి. సరిపోకపోతే ఇంకో పూత. బాలేదనిపిస్తే నీళ్ళలో నానబెట్టి గీకేయొచ్చు, అదే దీని గొప్ప. ఫెవిక్విక్ లాంటి వాటితో కూడా ఇది చేసేవాళ్ళున్నారు, చేతి వాటం ఉన్నవాళ్ళకి బానే కుదురుతుంది, కానీ ఒక్క చుక్క పక్కకి జారిందా, ఆ జాయింట్ ఇక జన్మలో కదలదు. పిల్లల బొమ్మల మీద ఈ ప్రయోగం వద్దు.

5 మి.మీ. పెగ్ వదులైతే ఇంకా తేలిక. నల్లా బిగించేటప్పుడు ప్లంబర్లు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేప్ ఉంటుంది కదా, ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది, దాన్ని ఒక చుట్టు చుట్టి గుచ్చండి. జిగురు లేదు, మరక లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చు.

రాచెట్ జాయింట్ వదులైతే ముందు దాని పక్కనున్న స్క్రూ చూడండి. చాలాసార్లు చిన్న స్టార్ స్క్రూడ్రైవర్‌తో పావు తిప్పు తిప్పితే సరిపోతుంది. మరీ బిగిస్తే ప్లాస్టిక్‌లో స్క్రూ మర అరిగిపోయి ఇక పట్టదు. స్క్రూ కాకుండా లోహపు పిన్ను ఉంటే అనుభవం లేకుండా కొట్టి తియ్యొద్దు.

బిగుసుకుపోయిన వాటికి కొబ్బరి నూనె, మెషిన్ ఆయిల్ రాస్తుంటారు. దుమ్ము పట్టి జిగటగా తయారవుతుంది, కొన్ని నూనెలకి ప్లాస్టిక్ పగుళ్ళు కూడా ఇస్తుంది. ప్లాస్టిక్‌కి పడే సిలికాన్ గ్రీజు చుక్క చాలు. మెత్తటి రబ్బరు లాంటి ప్లాస్టిక్‌తో చేసిన కత్తి వంకరపోతే వేడి నీళ్ళలో, మరీ మరిగేవి కాదు, కాసేపు ముంచి, తిన్నగా పట్టుకుని వెంటనే చల్లటి నీళ్ళలో పెట్టండి, అలాగే గట్టిపడుతుంది. పాత బొమ్మల్లో బంగారు రంగు మెరుపు ప్లాస్టిక్ ఉన్నవి మాత్రం వేరే సంగతి. అవి కాలం గడిచే కొద్దీ లోపల్నుంచే పొడిపొడిగా తయారవుతాయి, వాటిని కదపకుండా ఉంచడమే మార్గం. సెకండ్ హ్యాండ్‌లో పాతవి కొనేటప్పుడు రంగు చూసి అడగండి.

కొనేటప్పుడు

మన దగ్గర ఇవి ఖరీదెక్కువ ఎందుకంటే, దిగుమతి బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. దానికి తోడు 2021 జనవరి నుంచి బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు. అందుకే అమెరికా నుంచి వచ్చే అన్నయ్యనో పిన్నినో సూట్‌కేసులో తెమ్మని అడిగేవాళ్ళు ఎక్కువ. తెప్పించుకుంటే నాలుగు డీలక్స్‌ల కంటే ముందు వాయేజర్ మొండేన్ని తెప్పించండి, తర్వాత దొరక్కుండా పోయేది సాధారణంగా అదే. అవయవాలు ఏ టీమ్‌వైనా సర్దుకోవచ్చు, మొండెం లేకపోతే ఏదీ లేదు.

బేగంబజార్ లాంటి చోట్ల తక్కువ ధరకి దొరికే నకిలీ కంబైనర్లు అన్నీ చెత్త అనను. కొన్ని ఒరిజినల్ కంటే పెద్ద సైజులో చేస్తారు, చూడ్డానికి బాగుంటాయి. కానీ వాటి కనెక్టర్లు ఒరిజినల్ వాటికి సరిపోవు, రెండిటినీ కలపాలనే ఆలోచన వదిలేయండి. కొనే ముందు షాపులోనే తొంటి జాయింట్ తిప్పి చూడండి, కటకట శబ్దం లేకుండా జారిపోతుంటే వద్దు. ఇంట్లో మూడేళ్ళ లోపు పిల్లలుంటే 3 మి.మీ. ఎఫెక్ట్ ముక్కలు, పిడికిళ్ళు వాళ్ళకి అందకుండా ఒక జిప్ కవర్లో వేసి, పైన ఏ బొమ్మవో రాసి పెట్టేయండి. ఆ కవర్ పోతే బొమ్మ ఉన్నా కంబైనర్ లేనట్టే.

పోయిన పాదానికో, అడాప్టర్‌కో త్రీడీ ప్రింటింగ్ చేయించుకునేవాళ్ళకి రెండు మాటలు. పెగ్‌ని నిలబెట్టి ప్రింట్ చేయిస్తే పొరల మధ్య విరుగుతుంది, పడుకోబెట్టి చేయించండి, కొలత 4.9 మి.మీ. దగ్గర మొదలుపెట్టి గుచ్చి చూసి పెంచుకోండి. పీఎల్ఏ ప్లాస్టిక్ అయితే 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మే నెలలో అద్దాలు మూసిన కారులో వదిలేస్తే బెజవాడలో అది ఎండకే వంగుతుంది. పీఈటీజీ అనే ప్లాస్టిక్ అడగండి, కాస్త ధర ఎక్కువైనా బరువు మోసే పాదాలకి అదే నయం.